పన్నెండో కుర్చీ

ఆళ్లగడ్డ
జులై 14, 2024

సంధ్యకు,

నువ్వు బాగున్నావని తెలుసు. నా కూతురు చెబుతూనే ఉంటుంది కాబట్టి అడగడం లేదు. మీ అన్న కూడా బాగానే ఉన్నాడు. ఎరువుల అంగట్లో కూర్చుని, యూరియా రాలేదని రైతుల చేత తిట్లు తింటున్నాడు. ఆయన భోజనానికి లేస్తే ఆ తిట్లు తినడానికి నేను కూర్చుంటున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నీ పక్కన చందన ఉంటుంది. మెసేజ్ పెడితే నీ ఫోన్ దాని చేతిలోనే ఉంటుంది. అందుకే మీ కాలేజీ అడ్రసుకు రాస్తున్నాను. నువ్వూ అంగడి అడ్రసుకే రాయి. దానికి తెలియకూడదు.

విషయం ఏమిటంటే, నాకు అమెరికా కోర్టుల గురించి నేర్పించాలి.

నవ్వకు. మొన్న ఆదివారం చందన వచ్చింది. ముందు వారం వారం వచ్చేది, ఇప్పుడు నెలకొకసారి వస్తే గొప్ప. అన్నం పెడుతుంటే మొదలుపెట్టింది. "అమ్మా, అమెరికాలో జడ్జి ఒక్కడే తీర్పు చెప్పడంట, ఊర్లో జనాన్ని పిలిచి కూచోబెడ్తారంట, అత్త చెప్పింది." ఎందుకే అట్లా అని అడిగాను. "నీకు చెప్పినా అర్థం కాదులేమ్మా" అని మజ్జిగ పోసుకుంది.

నాలుగేళ్ళ కిందట నువ్వొచ్చి, లా చదవడానికి నంద్యాలలో నా దగ్గరే ఉండనీ వదినా అంటే సరేనన్నాను. చదువుకు పంపించాను గానీ పిల్లను నీకు రాసివ్వలేదు. మరుసటి రోజు పొద్దున నేను చేసిన ఉగ్గాని తిని, "అత్త చేస్తే ఇంకా పొడిపొడిగా ఉంటాది" అంది. సంధ్యా, నీకు ఉగ్గాని నేర్పింది ఎవరు? నీ పెళ్ళయిన కొత్తలో బొరుగులు గంజి చేసి పెడితే నవ్వకుండా పక్కన నిలబడి నేర్పింది ఎవరు?

నాకు కుళ్ళుగా ఉంది. దీనికి ఇంకో మంచి పేరు వెతకను. నువ్వు దానికి చెప్పేదేదో నాకూ చెప్పు.

నీ వదిన
నాగజ్యోతి

*

నంద్యాల
జులై 22, 2024

వదినా,

స్టాఫ్ రూములో నీ ఉత్తరం విప్పి నాలో నేనే నవ్వుకుంటుంటే ఆదినారాయణ సార్ కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు. మా వదినకు పాఠాలు కావాలంట సార్ అని చెప్పాను. ఫీజు తీసుకో అన్నాడు.

సరే, మొదటి పాఠం. మన దేశంలో కోర్టులకు ఒకటే మెట్ల వరస. ఆళ్లగడ్డలో మొదలైన కేసు నంద్యాలకు వస్తుంది, అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపైన ఢిల్లీకి. అమెరికాలో మెట్ల వరసలు రెండు, పక్కపక్కనే ఉంటాయి. యాభై రాష్ట్రాలకు ఎవరి చట్టాలు వాళ్ళవి, ఎవరి కోర్టులు వాళ్ళవి. వాటి పక్కన దేశమంతటికీ కేంద్రం కోర్టులు. దొంగతనం, హత్య, విడాకులు, పొలం తగాదా లాంటివి చాలావరకు రాష్ట్రం కోర్టులోనే తేలతాయి. దేశం చట్టం మీదో రాజ్యాంగం మీదో ప్రశ్న వస్తే కేంద్రం కోర్టుకు వెళ్తారు. మా అమ్మ ఉన్నప్పుడు మీ ఇల్లు అట్లాగే ఉండేది కదా. అంగట్లో అన్న మాట, వంటింట్లో అమ్మ మాట. వంటింట్లో అన్న తీర్పు చెల్లేది కాదు. ఆ రెండు కోర్టుల మధ్య తిరిగినదానివి, నీకు నేను చెప్పేదేముంది.

ఏ వరసలోనైనా కింద విచారణ కోర్టు, పైన అప్పీలు కోర్టు, అన్నిటికీ పైన సుప్రీం కోర్టు. అక్కడ తొమ్మిది మంది జడ్జీలు. అప్పీలులో కొత్త సాక్షులను పిలవరు, కొత్త సాక్ష్యం తీసుకోరు. కింద జరిగినదాంట్లో చట్టం ఎక్కడైనా తప్పిందా అని మాత్రమే చూస్తారు. కేంద్రం జడ్జీల పేర్లు ప్రెసిడెంటు చెబితే సెనేట్ ఒప్పుకోవాలి. ఒకసారి కూర్చున్నాక తమంతట తాము దిగేదాకానో పోయేదాకానో ఆ పదవి వాళ్ళదే. రాష్ట్రాల్లో చాలాచోట్ల జడ్జీలు కూడా ఓట్లు అడిగి గెలవాలి. ఈ మాట చెబితే క్లాసులో పిల్లలు నమ్మరు.

ఇక ఉగ్గాని సంగతి. నేర్పింది నువ్వే. నేర్చుకున్నవాళ్ళకు బాగా కుదిరితే అది నా తప్పా?

ఇంకోటి. ఈసారి వచ్చినప్పుడు దాని జుట్టు చూసి నన్ను తిట్టుకోవద్దు. కత్తిరించుకుంటానని అదే అడిగింది. నేను పార్లరుకు తోడు వెళ్ళాను, అంతే.

సంధ్య

*

ఆళ్లగడ్డ
ఆగస్టు 19, 2024

సంధ్యా,

నీ పాఠం అర్థమైంది. చందనకు ఫోన్ చేసి, ఏదో కేసు గురించి చెబుతుంటే మధ్యలో అడిగాను, "అది రాష్ట్రం కోర్టుదా, కేంద్రం కోర్టుదా?" అని. "ఏందమ్మా, యూట్యూబ్ చూస్తాండావా?" అంది. ఆ పూట నేను ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. జుట్టు చూశాను. నా పెళ్ళి నాటి జుట్టు దానిది, నూనె పెట్టి పెట్టి పెంచాను. దాని గురించి ఇక రాయను, రాస్తే మాట మీరుతుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. చదువు అయిపోగానే దాన్ని నంద్యాలలో ఒక పెద్ద లాయరు దగ్గర జూనియర్‌గా చేర్చడానికి మాట్లాడి పెట్టావంట. మీ అన్న నోట విన్నాను. నాకు చెప్పాలని నీకు తోచలేదు.

ఆళ్లగడ్డలో కోర్టు లేదా? మా అంగడి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మేడ మీద గది సున్నం కొట్టించి పెట్టాను. కింద శిల్పాల షాపు అతనికి చెప్పి దాని పేరు రాతి మీద చెక్కించాలని, ఏ గోడకు తగిలించాలో కూడా చూసుకున్నాను. ఐదేళ్ళ చదువుకని దాన్ని నీకిచ్చాను సంధ్యా. ఇక దాన్ని నాకు పంపించు.

నవంబరులో మీ కాలేజీలో ఉత్తుత్తి విచారణ ఉందంట కదా, అమెరికా పద్ధతిలో. పిల్లలే లాయర్లంట, నువ్వు జడ్జివంట, తీర్పు చెప్పడానికి ఊర్లో వాళ్ళను పన్నెండు మందిని పిలుస్తారంట. ఆ పన్నెండు మందిలో నన్ను కూర్చోబెట్టు. నా కూతురు వాదిస్తుంటే నేనూ చూడాలి.

వదిన

*

నంద్యాల
సెప్టెంబరు 3, 2024

వదినా,

కుదరదు. ఎందుకు కుదరదో చెబితే రెండో పాఠం కూడా అయిపోతుంది.

ఆ పన్నెండు మందిని జ్యూరీ అంటారు. ఓటర్ల జాబితాలాంటి వాటి నుంచి మామూలు జనాన్ని పిలుస్తారు. బస్సు డ్రైవరు రావచ్చు, టీచరమ్మ రావచ్చు. ఏం జరిగిందో తేల్చేది వాళ్ళు. చట్టం ఏమిటో వాళ్ళకు చెప్పేది జడ్జి. మన దేశంలోనూ ఒకప్పుడు ఉండేది, ఎప్పుడో తీసేశారు. కుర్చీలో కూర్చోబెట్టే ముందు రెండువైపుల లాయర్లూ వాళ్ళను ప్రశ్నలడుగుతారు. పక్షపాతం లేకుండా వినగలమని చెప్పినవాళ్ళే మిగులుతారు. లాయరుకు చుట్టమైతే దించేస్తారు. కారణం చెప్పకుండా కొందరిని తీసేసే హక్కు కూడా లాయర్లకు ఉంటుంది. జడ్జికీ ఇదే నియమం. కేసు వాదించేవాళ్ళు దగ్గరి బంధువులైతే జడ్జి కుర్చీ దిగి ఇంకొకరికి అప్పగించాలి.

పెద్ద నేరాల కేసుల్లో పన్నెండు మందిదీ ఒకే మాట కావాలి. ఒక్కరు కాదన్నా తీర్పు రాదు, కేసు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నిర్దోషి అని తేల్చి వదిలేస్తే మాత్రం అదే నేరానికి ఆ మెట్ల వరస కోర్టులు ఆ మనిషిని మళ్ళీ లాగకూడదు.

నువ్వు చందన తల్లివి. మొదటి ప్రశ్నకే దిగిపోవాల్సి వస్తుంది. పదిమందిలో ఎందుకు?

లాయరు సంగతి నిజమే, మాట్లాడాను. నంద్యాలలో పెద్ద కోర్టులున్నాయి, పెద్ద కేసులున్నాయి. ఆళ్లగడ్డ గదిలో కూర్చుంటే దానికి ఏమొస్తుంది? నువ్వు దాన్ని కళ్ళ ముందు ఉంచుకోవాలనుకుంటున్నావు. నేను దాన్ని పైకి పంపాలనుకుంటున్నాను. కోపం తెచ్చుకోకుండా ఆలోచించు.

సంధ్య

*

ఆళ్లగడ్డ
నవంబరు 25, 2024

సంధ్యా,

ఆలోచించాను. కోపం తెచ్చుకునే ఆలోచించాను.

మొన్న మీ హాల్లోకి నేను ఎట్లా వచ్చానో నీకు తెలియదు, చెబుతాను. విచారణ చూసి వెళ్దామనే బస్సెక్కాను. వెనక వరసలో కూర్చున్నాను. పదకొండు మందే వచ్చారు. పన్నెండో మనిషి, బట్టల అంగడి ఆయన, రాలేదు. అజయ్ కుమార్ అనే పిల్లాడు మైకులో, "ఎవరన్నా ఒకరు వచ్చి కూచుంటారా?" అని అడిగాడు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. కాగితాలు చూసుకుంటున్న నువ్వు తలెత్తేసరికి ఆ కుర్చీలో ఉన్నాను.

తర్వాతది నువ్వూ చూశావు. అయినా నా నోటితో విను. ఎదుటి పక్షం లాయరుగా నిలబడిన ఆ కావ్య నన్ను అడిగింది, "ఇక్కడుండే లాయర్లలో మీకు ఎవరన్నా బంధువులా?" అని. చందన నా కూతురన్నాను. "మరి పక్షపాతం లేకుండా తీర్పు చెప్పగలరా?" అంది. పక్షపాతం లేనివాళ్ళనే ఉంచుతారని రాసింది నువ్వు. ఆ కుర్చీ పోకూడదని చెప్పాను, "చెప్తానమ్మా. దాని మింద నాకిప్పుడు అంత ప్రేమేం లేదు. దానికి వాళ్ళత్త ఉండాది కదా."

హాలంతా నవ్వింది. నువ్వు పైనుంచి, "ఈమెను దించండి" అన్నావు. వదిన అనలేదు, పేరు కూడా పలకలేదు. ఈమె అన్నావు. అక్కడ నాకు మండింది. అందుకే అడిగాను, "తల్లిని దిగమంటే దిగుతా. మరి అత్త ఆ పైన ఎట్లా కూచుంది? అత్త గూడా దిగల్ల కదా?"

అది నీ పాఠమే. నువ్వు దిగడం చూసి నేను బస్టాండుకు వెళ్ళిపోయాను. దారంతా సంతోషంగానే ఉంది. ఇంటికొచ్చాక లేదు.

నాగజ్యోతి

*

నంద్యాల
డిసెంబరు 9, 2024

శ్రీమతి నాగజ్యోతి గారికి,

మీరు అడిగింది సరైన ప్రశ్న. నాకు ఎక్కువ మంట అందుకే. తప్పుడు ప్రశ్న అయితే తిట్టి మర్చిపోయేదాన్ని. ఆ విచారణ కోసం జూన్ నుంచి పనిచేశాను. పిల్లల చేత చదివించాను, ఊర్లో వాళ్ళను ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. చివరికి ఆదినారాయణ సార్ ఆ కుర్చీలో కూర్చుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. స్టాఫ్ రూములో ఇప్పుడు నన్ను అత్తగారూ అని పిలుస్తున్నారు.

గౌరవ వాచకం ఇక నా వల్ల కాదు వదినా. మామూలుగా రాస్తాను.

నువ్వు బస్సెక్కాక జరిగింది నీకు తెలియాలి. కేసు బోరు మోటారు దొంగతనం. నేరం మోపింది తోట కాపలావాడి మీద, అతని తరఫున చందన. సాక్షిని ప్రశ్నించడానికి లేచింది. పక్కన బల్ల మీద నేను రాయించిన ప్రశ్నలు ఉన్నాయి. వాటిని చూడలేదు. "నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్తే విన్నావా? చూసినావంటే యాడ నిలబడి చూసినావ్? అప్పుడు నీ చేతిలో ఏముండాది?" అని మొదలుపెట్టింది. అది నీ గొంతు. విత్తనాలు మొలకెత్తలేదని రైతు వస్తే అంగట్లో నువ్వు అడిగే తీరు. కూర్చున్న జనమంతా ముందుకు వంగారు. సాక్షి తడబడ్డాడు. నీ కుర్చీలో చర్చి స్కూలు శాంతమ్మ టీచరు కూర్చుంది, పన్నెండు మందీ ఒకే మాటగా నిర్దోషి అన్నారు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని సార్ అడిగితే, "మా అమ్మ దగ్గర" అంది. నా పేరు చెప్పలేదు.

నీ దగ్గరికొచ్చి నన్ను పొగుడుతుందని నీ మొదటి ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ఎన్నిసార్లు చదువుకున్నానో ఆ ఉత్తరం. ఎందుకంటే ఇక్కడ ఐదేళ్ళుగా నేను వింటున్నది నీ పేరే. పప్పు చేస్తే, మా అమ్మయితే ఎండుమిరపకాయ వేయిస్తుంది. పాఠం చెబితే, మా అమ్మయితే ఇట్లా అడుగుతుంది. మా ఆయన మహేష్‌కూ నాకూ పిల్లల్లేరు. దానికి బువ్వ పెట్టాను, ఫీజు కట్టే వరసలో నిలబడ్డాను, జ్వరమొస్తే సెలవు పెట్టాను. అంతా చేసినా నేను అత్తనే. నీకు నా మీద కుళ్ళు అని రాశావు. నాకు నీ మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ఆ రోజు ఇంటికొచ్చి అది అన్నం ముట్టలేదు. "అమ్మ నిజంగానే అనిందా అత్తా, ప్రేమ లేదని?" అని అడిగింది. కాదే పిచ్చిదానా అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమెనే అడుగు అన్నాను. అది నీ మీద కోపంగా ఉన్న ఆ కాసేపు, నాకు బాగానే అనిపించింది.

సంధ్య

*

ఆళ్లగడ్డ
ఫిబ్రవరి 3, 2025

సంధ్యా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రెండుసార్లు రాసి చింపేశాను. ఒకదాంట్లో నిన్ను తిట్టాను, ఒకదాంట్లో నీ మీద జాలిపడ్డాను. రెండూ నీకు నచ్చవు.

నిన్న చందన వచ్చింది. చెప్పులు విప్పకముందే అడిగింది, "అమ్మా, నా మింద ప్రేమ లేదా నీకు?" అని. "లేకపోతే ఆ కుర్చీ కోసం అందరి ముందర అబద్ధం చెప్తానేమే" అన్నాను. నిలబడే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ అన్న అంగట్లోకి వెళ్ళి మూటలు సర్దుతూ ఉండిపోయాడు.

ఇదే సమయం అనుకుని మేడ మీద గది చూపించాను. గోడ చూపించాను. అది కిటికీ తెరిచి రోడ్డు చూసి, మూసింది.

"ఆడ అత్త, ఈడ నువ్వు. ఇద్దరూ నా కేసులో కుర్చీలు ఏసుకోని కూచున్నారు. నాకేం కావల్లో ఒక్కరన్నా అడిగినారా?"

ఏం కావాలే అన్నాను. బనగానపల్లెలో జీవరత్నం అనే లాయరమ్మ ఉందంట. ఆడవాళ్ళ ఆస్తి కేసులు చూస్తుందంట. తనే వెళ్ళి మాట్లాడుకుని వచ్చింది. పరీక్షలు కాగానే అక్కడ చేరుతుంది, అక్కడే గది తీసుకుంటుంది. నీకూ చెప్పలేదంట. ఆ మాట విన్నాక నాకు కొంచెం ఊపిరాడింది, దాచడం ఎందుకు.

"ఏమప్పా, నువ్వన్నా చెప్పు దానికి" అని మీ అన్నను పిలిచాను. "నన్నెందుకు లాగుతావ్ మధ్యలోకి" అన్నాడు. అయితే నేను అప్పీలుకు పోతానే అన్నాను చందనతో. "పో. కొత్త సాక్ష్యం తీసుకోరమ్మా" అంది.

గెలిచింది. దానికి ఆ మాట నేర్పింది నువ్వు, మాట అనే తీరు నాది. మనిద్దరం కలిసి దాన్ని ఊరు దాటించాం.

వదిన

*

నంద్యాల
జూన్ 16, 2025

వదినా,

ఇప్పుడు ఫోన్ చేయొచ్చు. నా ఫోన్ తీసి చూసేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అయినా రాస్తున్నాను. ఫోన్‌లో అయితే గొంతు పట్టిస్తుంది.

మామిడిపండ్లు కొనుక్కొచ్చే వంకతో నిన్న బనగానపల్లె వెళ్ళాను. జీవరత్నం గారి ఆఫీసు చర్చి సందులో, కింద రెండు గదులు. ఆమెకు అరవై దాటి ఉంటాయి. నూలు చీర, చిన్న గొంతు. నన్ను కూర్చోబెట్టి నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. చందన ఎవరో ముసలావిడకు వీలునామా చదివి వినిపిస్తోంది. నన్ను చూసి నవ్వి, "మా అత్త" అని ఆమెకు చెప్పి, మళ్ళీ కాగితంలోకి వంగింది. నేను పండ్లు పట్టుకుని కూర్చున్నాను.

బస్టాండుకు తోడు వచ్చింది. దారి పొడవునా "మేడం చెప్పింది", "మేడం అట్ల కాదంటాంది". ఆమె దాన్ని పాపా అని పిలుస్తోంది వదినా. ఐదేళ్ళలో నేను ఎప్పుడూ అట్లా పిలవలేదు. పిలవొచ్చని నాకు తోచలేదు.

ఆమెలో ఒక్క తప్పు పట్టుకుందామని చూశాను. దొరకలేదు. మంచి మనిషి, పని తెలిసిన మనిషి. బస్సులో పాణ్యం దాకా కడుపు మండుతూనే ఉంది. దిగాల్సింది నంద్యాల అయినా ఆళ్లగడ్డ బస్సు మారుదామా అని ఒక క్షణం అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియక ఇంటికి వచ్చేశాను.

సంధ్య

*

ఆళ్లగడ్డ
జూన్ 21, 2025

సంధ్యా,

నీ ఉత్తరం అంగట్లో నిలబడే చదివాను. పాపా అంటుందా? నా పిల్లను? ఒక రైతు పురుగుమందు అడుగుతుంటే ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

పొద్దున చందన ఫోన్ చేసి, రేపే కాదు, వచ్చే ఆదివారం కూడా రానంది. మేడంతో పని ఉందంట. సరేలే తల్లీ అన్నాను. పెట్టేశాక, ఇన్నాళ్ళూ నీ మీద పడ్డ కుళ్ళంతా ఆ ముసలామె మీదికి పోయిందని అర్థమైంది. నీ మీద ఏమీ మిగల్లేదు. వెతికాను కూడా.

వచ్చే ఆదివారం నువ్వు రా. మొహం ఉన్నదే పెట్టుకుని రా. అది రాదు, తెలిసే పిలుస్తున్నాను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నువ్వు రెండు జడల పిల్లవు. ఇన్నేళ్ళలో మనిద్దరం కూర్చుని మాట్లాడుకున్నదంతా మీ అమ్మ గురించి, మీ అన్న గురించి, తర్వాత చందన గురించి. నీ గురించి నిన్ను ఎప్పుడన్నా అడిగానా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. గుర్తు రావడం లేదు.

పొద్దున బస్సుకే రా.

జ్యోతి